పున్నమి చూసి పెట్టిన పండుగ

మా మనవరాలు గోడకు కొత్త క్యాలెండరు తగిలిస్తూ తగిలిస్తూ ఆగిపోయింది. "తాతయ్యా, క్రిస్మస్ ఎప్పుడూ డిసెంబరు 25నే కదా! ఈస్టరేమో పోయినేడు ఏప్రిల్ 20న వచ్చింది, ఈ యేడు 5నే వచ్చేస్తోంది. ఎందుకలా?" అంది. ఇలాంటి ప్రశ్న వింటే నాకు ప్రాణం లేచొస్తుంది. పక్కన కూర్చోబెట్టుకున్నాను.

చూడమ్మా, మన గుణదల మాత పండుగ ఏ యేడైనా ఫిబ్రవరి 11నే. క్రిస్మస్సూ అంతే. వీటికి సూర్యుడి లెక్క చాలు. ఈస్టరుకు చంద్రుడు కూడా కావాలి. యేసు ప్రభువు సిలువ మరణం యూదుల పాస్కా పండుగ రోజుల్లో జరిగింది. ఆ పాస్కా వసంతకాలపు పున్నమికి వస్తుంది. అందరూ ఒకే ఆదివారం ఈస్టరు చేసుకోవాలని 325లో నైసియా మహాసభ నిర్ణయించింది. తర్వాత స్థిరపడిన సూత్రం ఇది: పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తును మార్చి 21గా తీసుకో. ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమిని పట్టుకో. అది దాటాక వచ్చే ఆదివారమే ఈస్టరు. అందుకే అది మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. 1943లో ఆ చివరి తేదీనే వచ్చింది, మళ్లీ 2038లో వస్తుంది. నువ్వు చూస్తావు.

ఆ ఒక్క ఆదివారం జరిగితే దాని వెంట సగం సంవత్సరం జరుగుతుంది. విభూది బుధవారం దానికి 46 రోజుల ముందు. మధ్యలో ఆరు ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావు గనక తపస్సు కాలానికి నలభై రోజులు. పెంతెకోస్తు ఈస్టరుతో కలిపి యాభయ్యో రోజు.

మరి పున్నమిని ముందే ఎలా లెక్కగడతారు? మన పంచాంగమూ ఆ పనే చేస్తుంది. పన్నెండు చాంద్రమాసాలు 354 రోజులే, ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. అందుకే అధికమాసం కలుపుతాం, పంతొమ్మిదేళ్లలో ఏడు సార్లు. ఈ యేడు అధిక జ్యేష్ఠం వస్తోంది, చూడు. పంతొమ్మిదేళ్లకు చంద్రకళలు దాదాపు అవే తేదీలకు తిరిగొస్తాయి. ఈస్టరు పట్టికలకూ ఆ పంతొమ్మిదేళ్ల చక్రమే ఆధారం.

అయితే పాత జూలియన్ క్యాలెండరు ఏడాదికి పదకొండు నిమిషాలు ఎక్కువ లెక్కేసింది. పదకొండు నిమిషాలేగా అనుకోకు. 128 ఏళ్లకు అది ఒక రోజవుతుంది. పదహారో శతాబ్దానికి అసలు విషువత్తు మార్చి 11కు జారిపోయింది. లిలియస్ అనే ఇటలీ వైద్యుడు ఉపాయం చెప్పాడు, క్లావియస్ అనే యేసుసభ గురువు లెక్కలు సరిచూశాడు. పదమూడో గ్రెగరీ పోపు 1582లో పది రోజులు తీసేశారు. అక్టోబరు 4 తెల్లారితే 15! అవిలాపురి పునీత తెరేసమ్మ కన్నుమూసింది సరిగ్గా ఆ రాత్రే. ఆమె పండుగ అక్టోబరు 15న చేస్తున్నాం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇటలీలోని బొలోన్యాలో ఉంది. 1655లో కసీని అనే ఖగోళవేత్త అక్కడి సాన్ పెత్రోనియో గుడి కప్పులో, 27 మీటర్ల ఎత్తున, చిన్న రంధ్రం పెట్టించాడు. నేల మీద దాదాపు 67 మీటర్ల గీత పొదిగించాడు. మధ్యాహ్నం ఎండ ఆ రంధ్రంలోంచి దిగి గీత మీద గుండ్రటి బిళ్లలా పడుతుంది. ఎండాకాలం రంధ్రం కిందికి దగ్గర్లో, చలికాలం దూరాన. విషువత్తు ఏ రోజో ఆ బిళ్ల నడకే చెబుతుంది. అది చిన్నదీ పెద్దదీ కావడం కొలిచి, సూర్యుడి నడక గురించి కెప్లర్ చెప్పింది సరైనదేనని కూడా కసీని తేల్చాడు. పండుగ రోజు తప్పిపోకూడదన్న ఆరాటంతో ప్రార్థన చేసే గుడే కొలబద్ద అయింది! తలుచుకున్నప్పుడల్లా నా మనసు నిండిపోతుంది.

ఈ యేడు పవిత్ర గురువారం ఏప్రిల్ 2న. చైత్ర పౌర్ణమీ ఆ రోజే. సాయంత్రం పూజ అయ్యాక మెట్లు దిగుతూ తూర్పున చూద్దాం, నా చెయ్యి పట్టుకో. యేసు ప్రభువు ప్రార్థించిన ఆ రాత్రి గెత్సెమనే తోటలో ఒలీవ చెట్ల మీద పడింది కూడా పాస్కా వెన్నెలే.