ఉద్యోగం మారాలంటే భయమా? ముందు ఆ భయాన్ని కాగితం మీద పెట్టండి

చేస్తున్న పని నచ్చడం లేదు, జీతం పెరగడం లేదు. అయినా మానేయాలంటే గుండె దడ. చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. సౌదీలో ఏళ్ల తరబడి ఏసీ పని చేసి "ఇక చాలు, ఊళ్లోనే షాపు పెట్టుకుందాం" అనుకునేవాళ్లున్నారు. ప్రైవేట్ స్కూల్లో పాఠాలు చెబుతూ వేరే దారి చూసుకోవాలనుకునే టీచరమ్మలున్నారు. షోరూమ్‌లో సేల్స్ పని చేస్తూ కంప్యూటర్ పని నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లున్నారు. అందరి నోటా ఒకటే మాట: "చేయాలని ఉంది, కానీ భయంగా ఉంది."

ఇంతకీ ఆ భయం దేని గురించి అని అడిగితే చాలామంది వెంటనే చెప్పలేరు. ఎందుకంటే అందులో నాలుగైదు భయాలు కలిసి ఉంటాయి. డబ్బు భయం, కొత్త పని చేతకాదేమోనన్న భయం, నలుగురూ ఏమంటారోనన్న భయం, వయసు దాటిపోయిందన్న భయం. అన్నీ ముద్దగా మీద పడితే ఏమీ తోచదు. విడదీసి చూస్తే ఒక్కోదానికి ఒక్కో జవాబు దొరుకుతుంది.

ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. భయపడటం పిరికితనం కాదు. డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని వివరించారు. వెయ్యి రూపాయలు వస్తే కలిగే సంతోషం కన్నా, అదే వెయ్యి పోతే కలిగే బాధ మనిషికి ఎక్కువగా అనిపిస్తుందట. కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే, చేతిలో ఉన్న జీతం పోతుందనే ఆలోచన రాబోయే లాభం కన్నా పెద్దగా కనిపించడం అందరికీ ఉన్నదే. అందుకే మనసులో అనుకుంటూ కూర్చుంటే తేలదు, లెక్క వేయాలి.

డబ్బు భయానికి లెక్కే మందు

ఒక ఉదాహరణ చూద్దాం. ఐదుగురున్న ఇల్లు. అద్దె 9,000, కిరాణా, పాలు, కూరగాయలు 10,000, పిల్లల చదువు 5,000, కరెంటు, గ్యాస్, ఫోన్లు 3,000, అమ్మీ అబ్బాల మందులు 3,000. మొత్తం నెలకు 30,000. ఆరు నెలలు ఆదాయం లేకపోయినా ఇల్లు నడవాలంటే 1,80,000 పక్కన ఉండాలి. ఇప్పుడు భయానికి ఒక అంకె వచ్చింది. "ఏమైపోతామో" అన్నది "ఇంకా 70,000 తక్కువ పడుతోంది" అని మారింది. అది పోగయ్యేదాకా ఆగడం ఓడిపోవడం కాదు, ఏర్పాటు చేసుకోవడం.

జూన్‌లో కట్టే స్కూలు ఫీజులు, రంజాన్, పండగ ఖర్చులు, ఇంట్లో రాబోయే పెళ్లి కూడా ఈ లెక్కలోకి రావాలి. అవి నెత్తిన ఉన్నప్పుడు రాజీనామా ఇస్తే మంచి ప్లాన్ కూడా తలకిందులవుతుంది.

మానేసే తేదీ కూడా ముఖ్యమే. మన దగ్గర పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా 5 ఏళ్ల సర్వీసు పూర్తి కావాలి. పీఎఫ్ పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి. ఒక కంపెనీ మానేసి ఇంకో దాంట్లో చేరేవాళ్లు పీఎఫ్ డబ్బు తీసేయకుండా అదే యూఏఎన్ మీద బదిలీ చేసుకుంటే సర్వీసు లెక్క తెగిపోదు.

సౌదీలో కంపెనీ ఉద్యోగులకు ఈ తేదీ ఇంకా ముఖ్యం. అక్కడి కార్మిక చట్టం ప్రకారం మొదటి 5 ఏళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు లెక్కిస్తారు. కానీ మీ అంతట మీరు రాజీనామా చేస్తే 2 నుంచి 5 ఏళ్ల సర్వీసుకు అందులో మూడో వంతు, 5 నుంచి 10 ఏళ్ల లోపు మూడింట రెండు వంతులు, 10 ఏళ్లు నిండితేనే మొత్తం ఇస్తారు. నెలకు 2,400 రియాళ్ల జీతం ఉన్న మనిషి పదేళ్లు నిండాక మానేస్తే 18,000 రియాళ్లు వస్తాయి. రెండు నెలల ముందే రాజీనామా చేస్తే సుమారు 11,700 మాత్రమే. రెండు నెలల తొందరకు ఆరు వేల రియాళ్లకు పైగా పోతాయి. ఇంటి డ్రైవర్లకు, ఇంటి పనివాళ్లకు వేరే నిబంధనలుంటాయి, అవి విడిగా తెలుసుకోవాలి.

కొత్త పని వస్తుందా? చిన్నగా చేసి చూడండి

పని చేతనవుతుందో లేదో ఆలోచిస్తే తెలియదు, చేస్తేనే తెలుస్తుంది. అయితే దానికోసం ఉద్యోగం మానేయక్కర్లేదు. ఏసీ షాపు పెట్టాలనుకునే ఆయన సెలవు మీద వచ్చినప్పుడు, ఎండాకాలం సీజన్‌లో తెలిసినవాళ్ల షాపులో నెల రోజులు కూర్చోవచ్చు. రోజుకు ఎన్ని కాల్స్ వస్తున్నాయి, విడిభాగాలు ఎక్కడ కొంటున్నారు, బాకీలు ఎన్ని రోజులకు వసూలవుతున్నాయి, వానాకాలంలో ఏం చేస్తారు అన్నది అక్కడే తెలుస్తుంది. బొటీక్ పెట్టాలనుకునే ఆమె ముందు ఇంటి నుంచే పది ఆర్డర్లు కుట్టి చూడొచ్చు. పదిమందిలో ఎంతమంది మళ్లీ వచ్చారో చూస్తే సగం భయం తీరుతుంది.

చదువు తక్కువన్న బెంగ ఉంటే దానికీ దారులున్నాయి. ఓపెన్ స్కూల్‌లో పది, ఇంటర్ పూర్తి చేయడానికి వయసు అడ్డం కాదు. హైదరాబాద్‌లో 1982లో మొదలైన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ పనిచేసేవాళ్లకు డిగ్రీ అవకాశం ఇస్తోంది. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీలో దూరవిద్య ఉంది. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో కోర్సులు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే ఫీజు కట్టాలి.

"ఈ వయసులో ఇప్పుడేంటి?"

నలభై ఏళ్ల మనిషి సున్నా నుంచి మొదలుపెట్టడు. కస్టమర్‌తో మాట్లాడటం, టైముకు పని అప్పగించడం, లెక్క రాయడం, నలుగురితో పని చేయించడం అతని దగ్గర ఇప్పటికే ఉన్నాయి. పాత పనిలో నేర్చుకున్నవాటిలో కొత్త పనికి ఏవి పనికొస్తాయో ఒక జాబితా రాసుకోండి. ఎక్కువ పనికొచ్చే దారి తక్కువ ప్రమాదం. పదేళ్లు డ్రైవింగ్ చేసినవాళ్లకు ట్రావెల్స్ వ్యాపారం దగ్గర, హోటల్ పెట్టడం దూరం.

నలుగురి మాటకు వస్తే, ముందు ఇంట్లో నలుగురితో కూర్చోండి. "గల్ఫ్ వదిలి వచ్చేశాడట" అని బంధువులు రెండు నెలలు అనుకుంటారు, తర్వాత మరిచిపోతారు. కానీ భార్యకు చెప్పకుండా తీసుకున్న నిర్ణయం ఏళ్ల తరబడి ఇంట్లో నలుగుతుంది. ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో ఆమెకే బాగా తెలుసు. అలాగే భార్య పని మారాలనుకుంటే, ఇంటి పని ఎవరు పంచుకుంటారో భర్త ముందే చెప్పాలి. పిల్లలకూ అర్థమయ్యేలా చెప్పండి, ఈ ఏడాది కొత్త ఫోన్ ఉండదని వాళ్లకూ తెలియాలి.

భయం చెప్పేది నిజమైతే?

కొన్ని భయాలను పోగొట్టుకోకూడదు, వినాలి. నెత్తిన అప్పు వాయిదాలు ఉన్నప్పుడు, ఇంట్లో ఒకరికి వైద్యం నడుస్తున్నప్పుడు, కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ పోతే వేరే ఏదీ లేనప్పుడు "ఆగు" అని భయం చెబుతుంటే అది సరైనదే. అంతా ఒకే మనిషి మాట మీద నమ్మి పెట్టుబడి పెడుతున్నప్పుడూ అంతే.

పెట్టుబడి విషయంలో ఇంకో జాగ్రత్త. ముద్రా లాంటి పథకాల్లో తాకట్టు లేకుండా బ్యాంకు రుణం దొరుకుతుంది, కానీ దానికి వడ్డీ ఉంటుంది. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు ఎక్కువగా పొదుపుతోనో, బంధువులతో భాగస్వామ్యంతోనో మొదలుపెడతాయి. అప్పుడు బావమరిదే కదా అని నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఎవరు ఎంత పెట్టారు, లాభం ఎలా పంచుకోవాలి, నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలి అన్నవి కాగితం మీద రాసి సాక్షుల సంతకాలు పెట్టించండి. వ్యాపారం పోయినా బంధుత్వం మిగలాలి.

చివరగా రెండు గీతలు గీసుకోండి. ఒకటి మొదలుపెట్టే తేదీ. రెండోది ఆగే హద్దు: "ఏడాదిలో నెలకు 20,000 రాకపోతే, లేదా రెండు లక్షలు దాటి ఖర్చయితే మళ్లీ ఉద్యోగం చూసుకుంటా." ఆ హద్దు ముందే ఉంటే వెనక్కి రావడం సిగ్గుపడే పని కాదు, అనుకున్న ప్రకారం చేసిన పనే అవుతుంది. పాత యజమానితో మంచిగా విడిపోయి, అనుభవ పత్రం తీసుకుని వస్తే ఆ తలుపు కూడా మూసుకోదు.

భయం పూర్తిగా పోయాక కదులుదాం అనుకుంటే ఆ రోజు రాదు. లెక్క కుదిరి, చేతికి పని తెలిసి, ఇంట్లోవాళ్లు సరే అంటే చాలు. మిగిలిన కొంచెం భయం మిమ్మల్ని జాగ్రత్తగా ఉంచుతుంది.