అంగడికి తాళం వేశారు సరే, కంప్యూటరుకో?

పిల్లలూ! దసరా రోజుల్లో ప్రొద్దుటూరు బజారు ఎప్పుడైనా చూశారా? బంగారు అంగళ్ళ ముందు కాలు పెట్టే చోటు ఉండదు. రంజాన్ ముందు కడపలో, దీపావళి ముందు కర్నూలులో బట్టల అంగళ్ళదీ ఇదే తీరు. రాత్రి పదకొండు దాటాక యజమాని లెక్క చూసుకుంటాడు, షట్టరు దించుతాడు, రెండు తాళాలు వేస్తాడు, ఒకసారి లాగి చూస్తాడు. మరునాడు పండుగ కదా, అంగడి తెరవడు. నిశ్చింతగా ఇంటికి పోతాడు.

కాని లోపల కంప్యూటరు ఉంది. అందులో సరుకు లెక్కలు, ఖాతాదారుల అప్పులు, బ్యాంకు లావాదేవీలు అన్నీ ఉన్నాయి. దాని తీగ గోడలోంచి బయటికి, ప్రపంచమంతటికీ పోతుంది. మరి ఆ దారికి తాళం వేసిందెవరు?

ఈనాటి దొంగకు షట్టరుతో పని లేదు. పండుగ సెలవు అతనికి మంచి అదను. ఎందుచేతనో చూద్దాం.

దీపావళి నాడు వేసిన గాలం

మన హైదరాబాదులోనే జరిగిన సంగతి ఇది. అక్కడ ఏ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు ఉంది. 2021 నవంబరు 4, 10, 16 తేదీల్లో ఆ బ్యాంకు ఉద్యోగులకు సుమారు 200 దొంగ మెయిళ్ళు వచ్చాయి. నవంబరు 4 ఏ రోజో తెలుసా? దీపావళి!

చేపను పట్టేవాడు గాలానికి ఎర గుచ్చి నీళ్ళలో వేస్తాడు కదా. ఈ మెయిళ్ళూ అంతే. చూడడానికి మామూలు ఉత్తరాల్లాగే ఉంటాయి. తెరిచి అందులోని దాన్ని నొక్కితే గాలం గొంతులో పడుతుంది. ఇలాంటి మోసాన్ని ఫిషింగ్ అంటారు. వందలాది ఎరల్లో ఒక్కదాన్ని కొరికినా దొంగకు చాలు. ఇక్కడ ఇద్దరు ఉద్యోగులు నొక్కారు. వెంటనే వారి కంప్యూటర్లలోకి ఒక దొంగ ప్రోగ్రాము దిగింది. ఎక్కడో దూరాన కూర్చున్నవాడు ఈ కంప్యూటరును తన ముందున్నదానిలా నడపడానికి వీలు కల్పించడమే దాని పని.

దొంగ తొందరపడలేదు. రెండు నెలలకు పైగా లోపలే పొంచి ఉన్నాడు. ఎవరి చేతిలో ఏ పెత్తనం ఉంది, పాస్‌వర్డులు ఏమిటి అన్నవి కనిపెట్టాడు. 2022 జనవరి 22 నాలుగో శనివారం. 23 ఆదివారం. రెండు రోజులు బ్యాంకుకు సెలవు. ఆ సెలవులోనే దెబ్బ కొట్టాడు. కొన్ని ఖాతాల్లోని నిలువలను కంప్యూటరులో పెంచి, సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలను బయటికి మళ్ళించాడు. ఆ సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకో ఖాతాకు పారి, దేశంలోని వందలాది ఖాతాల్లో చెదిరిపోయింది. సోమవారం ఫిర్యాదు అందాక పోలీసులు ఆపగలిగింది సుమారు 3 కోట్లే.

బ్యాంకు కంప్యూటర్లకు తగిన రక్షణ లేదని పోలీసుల దర్యాప్తులో తేలింది. ప్రధాన కార్యాలయం, శాఖలు అన్నీ ఒకే వలలో ఉన్నాయి. అంటే ఇంటికి వీధి తలుపు ఒక్కటే ఉండి, లోపలి గదులకు తలుపులే లేనట్లు అన్నమాట. వీధి తలుపు దాటినవాడు నేరుగా బీరువా దగ్గరికి పోగలడు. 2023లో రిజర్వు బ్యాంకు ఈ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

మూడు దేశాలు, మూడు సెలవులు

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ చెబుతాను. బంగ్లాదేశ్ ప్రభుత్వ బ్యాంకు సొమ్ము కొంత అమెరికాలో న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకులో ఉంటుంది. 2016 ఫిబ్రవరి 4 గురువారం రాత్రి, దొంగలు ఢాకాలోని కంప్యూటర్లలో దూరి, ‘మా డబ్బు ఫలానా ఖాతాలకు పంపండి’ అని న్యూయార్కుకు 35 ఆజ్ఞలు పంపారు. మొత్తం సుమారు 95 కోట్ల డాలర్లు!

గురువారమే ఎందుకు ఎంచుకున్నారు? లెక్క వేసి చూడండి. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. ఢాకా ఉద్యోగులు విషయం పసిగట్టి న్యూయార్కుకు కబురు పంపేసరికి అక్కడ శని, ఆదివారాల సెలవు. సొమ్ము చేరింది ఫిలిప్పీన్స్ దేశంలోని మనీలాకు. అక్కడ ఫిబ్రవరి 8 సోమవారం చైనా సంవత్సరాది సెలవు! ‘ఆపండి’ అని అడిగేవారు ఒకచోట మేలుకొని ఉంటే, వినవలసినవారు మరోచోట సెలవులో ఉన్నారు. ఆ సందులో 8 కోట్ల 10 లక్షల డాలర్లు చేజారాయి.

మిగతాది ఎలా దక్కింది? అనుమానం వచ్చి న్యూయార్కు బ్యాంకు చాలా ఆజ్ఞలను ఆపివేసింది. శ్రీలంకకు పోయిన 2 కోట్ల డాలర్లను కాపాడింది మాత్రం ఒక అక్షరదోషం. ‘ఫౌండేషన్’ అన్న మాటను దొంగలు ‘ఫాండేషన్’ అని రాశారు. ఒక ఉద్యోగి ఆ తప్పును గమనించి ఆరా తీశాడు. అక్షరదోషాలు దిద్దుకోండని మీ పంతులుగారు విసిగించినప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి!

సెలవు దొంగకు ఎందుకు కలిసివస్తుంది?

పోరుమామిళ్ళ చెరువు వంటి పెద్ద చెరువు కట్టకు చిన్న బెజ్జం పడిందనుకోండి. కావలివాడు వెంటనే చూస్తే నాలుగు గంపల మన్నుతో పూడ్చవచ్చు. చూసేవారు లేకపోతే పారే నీరు మట్టిని కోస్తుంది, బెజ్జం పెరుగుతుంది, పెరిగినకొద్దీ నీరు మరింత వేగంగా పారుతుంది. తెల్లవారేసరికి గండి! నష్టం బెజ్జం పరిమాణాన్ని బట్టే కాదు, అది కంటబడడానికి పట్టిన కాలాన్ని బట్టి కూడా ఉంటుంది.

కంప్యూటరు దొంగతనమూ ఇటువంటిదే. సెలవులో చూసేవారు ఉండరు. రెండో కారణం, పండుగ వేళ చేతులు మారే సొమ్ము ఎక్కువ, కనుక ఒక దొంగ లావాదేవీ గుంపులో కలిసిపోతుంది. మూడోది తొందర. కొట్టు నిండా జనం ఉన్నప్పుడు ఎవరూ నిదానంగా ఆలోచించరు. పైగా పండుగకని పెట్టుకున్న కొత్త పనివాళ్ళకు కూడా పాస్‌వర్డు చెప్పేస్తారు. అందుకే 2021 ఆగస్టు 31న అమెరికా ప్రభుత్వ సంస్థలు, సెలవుల్లో, వారాంతాల్లో మరింత జాగ్రత్తగా ఉండాలని వ్యాపార సంస్థలను ప్రత్యేకంగా హెచ్చరించాయి.

చిన్న అంగడికి కూడా

‘ఇవన్నీ కోట్ల బేరాలు, మాకెందుకు సార్?’ అంటారేమో. నా పాత విద్యార్థి ఒకతనికి చిన్న బట్టల అంగడి ఉంది. ఉగాది ముందు రోజు సాయంత్రం, జనం మూగి ఉన్న వేళ, అతనికి ఫోను వచ్చింది. ‘మీ ఖాతాలోకి డబ్బు రావడం ఆగిపోయింది, మళ్ళీ రావాలంటే ఇప్పుడు పిన్ కొట్టండి’ అన్నారు. కొట్టాడు. క్షణంలో 38 వేలు పోయాయి. అది సరుకు తెచ్చిన బాకీకి దాచిన డబ్బు. పండుగ పూట ఎవరితోనూ చెప్పలేక రెండు రోజులు ఊరుకున్నాడు. చెరువు కథలో కావలివాడు లేని రాత్రి అదే కదా!

ఒక్క సూత్రం గట్టిగా పట్టుకోండి: యు.పి.ఐ.లో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు. ఇది తెలిసి ఉంటే ఆ 38 వేలు దక్కేవి.

అంగడి ముందు అంటించే క్యూఆర్ కోడుపై మరొకరు తమ కోడు అంటించిపోవచ్చు. డబ్బు పంపినట్లు ఫోనులో దొంగ చిత్రం చూపి సరుకు పట్టుకుపోవచ్చు. అందువల్ల ఉదయం అంగడి తెరవగానే కోడును ఒకసారి స్కాను చేసి ఎవరి పేరు వస్తుందో చూడాలి. కొన్నవారి ఫోను చూసి నమ్మకూడదు, తన ఖాతాలో సొమ్ము పడిందో లేదో చూసుకోవాలి.

పాస్‌వర్డులో ఉన్న లెక్క

ఇప్పుడు కాస్త గణితం. నాలుగు అంకెల పిన్‌లు ఎన్ని? ఒక్కొక్క స్థానంలో 10 అంకెలు పట్టవచ్చు. కనుక 10 × 10 × 10 × 10 = 10,000. కాని మీరు పుట్టిన తేదీ, నెల పెట్టుకుంటే? సంవత్సరంలో ఉన్నవే 366 తేదీలు. 10,000 గదుల కోటను మీరే 366 గదుల ఇల్లుగా కుదించారన్నమాట!

ఇంగ్లీషు చిన్న అక్షరాలు 26. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డులు సుమారు 20,882 కోట్లు ఉంటాయి. చాలా ఎక్కువే అనిపిస్తుంది. కాని పాస్‌వర్డుల పట్టికను ఎత్తుకుపోయిన దొంగ కంప్యూటరు సెకనుకు 100 కోట్లు ప్రయత్నిస్తుందనుకోండి. అన్నీ చూడడానికి మూడున్నర నిమిషాలు చాలు! అదే పన్నెండు అక్షరాలైతే? పని 26 × 26 × 26 × 26, అంటే 4,56,976 రెట్లు పెరుగుతుంది. సుమారు మూడేళ్ళు పడుతుంది. నాలుగు అక్షరాలు పెంచినందుకు ఎంత తేడా! అయితే అక్షరాలు ఎవరూ ఊహించలేనివి కావాలి. ఊరి పేరో, సొంత పేరో పెడితే ఈ లెక్క పనికిరాదు.

మరో ఉపాయం ఉంది. దొంగలు కంప్యూటరులోని లెక్కలను గూఢలిపిగా మార్చి, విప్పాలంటే డబ్బు ఇమ్మంటారు. 2017 మే 12 శుక్రవారం వ్యాపించిన ‘వన్నాక్రై’ అలాంటిదే. మరునాడు రెండో శనివారం! మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డాయి. దాన్ని అడ్డుకునే మరమ్మతును తయారీ సంస్థ మార్చి నెలలోనే విడుదల చేసింది. అప్పుడే వేసుకున్నవారికి ఆ బెజ్జం మూసుకుపోయింది. లెక్కల నకలును వేరే పరికరంలో ఎక్కించి, తీగ పీకి విడిగా దాచుకున్నవారు డబ్బు ఇవ్వనక్కరలేదు.

మీరు చేయగల పని

ఈసారి పండుగకు ముందు మీ ఇంట్లోవారి అంగడికో, తెలిసినవారి అంగడికో వెళ్ళి ఈ నాలుగూ అడగండి. పాస్‌వర్డు ఎంతమందికి తెలుసు? లెక్కల నకలు ఎక్కడ ఉంది? కంప్యూటరు ఎప్పటి నుంచి మరమ్మతు అడుగుతోంది? సెలవు రోజున బ్యాంకు సందేశాలు చూసేదెవరు?

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయాలని కూడా చెప్పండి. అది సైబరు నేరాల ఫిర్యాదుల నంబరు. సొమ్ము ఇంకా ఖాతాలోనే ఉంటే ఆపవచ్చు. పండుగ పూట చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. సిగ్గుపడవలసింది మోసగించినవాడు.

నా పాత విద్యార్థి ఇప్పుడు షట్టరు దించే ముందు కంప్యూటరు, ఇంటర్నెట్టు పెట్టె రెండూ ఆపివేస్తాడు. తర్వాతే తాళం లాగి చూస్తాడు.