తీపి పానీయములపై పన్ను - రైతు ఎరుగవలసిన లెక్క



ఎండలు ముదిరినకొద్దీ చీమకుర్తి చుట్టుపట్ల మిరప కల్లాల వద్దను, గ్రానైటు క్వారీల వద్దను కూల్‌డ్రింకుల అమ్మకము పెరుగును. దప్పికకై మీరిచ్చు 20 రూపాయలలో పన్ను ఎంత, సీసాలో చక్కెర ఎంత అనునది తెలిసికొనుట మంచిది.

2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు గ్యాసు నింపిన తీపి పానీయములపై 28 శాతము పన్ను, 12 శాతము సెస్సు విధించిరి. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ రెంటికి బదులు 40 శాతము పన్ను ఒక్కటే వచ్చినది. మొత్తము భారము మారలేదు. 20 రూపాయల సీసాలో 5 రూపాయల 71 పైసలు పన్నే. అదే రోజున గ్యాసు లేని పండ్లరసపు పానీయములపై పన్ను 12 నుండి 5 శాతమునకు తగ్గినది. 20 రూపాయల మామిడి పానీయములో పన్ను 95 పైసలే. గుజ్జుకు గిరాకీ పెరిగినచో చిత్తూరు తోతాపురి రైతునకు మేలే.

కాని ఈ పన్ను గ్యాసును చూచునే గాని చక్కెరను తూచదు. 250 మిల్లీలీటర్ల కోలాలో చక్కెర సుమారు 26 గ్రాములు, అనగా సుమారు 6 టీ చెంచాలు. మామిడి పానీయములు పెక్కింటిలో ఇంతకు తక్కువ ఉండదు. చక్కెర లేని డైట్ కోలాకును 40 శాతము తప్పదు.

మెక్సికో 2014లో లీటరుకు ఒక పెసో పన్ను వేయగా, మొదటి ఏడు కొనుగోళ్లు సుమారు 6 శాతము తగ్గినవి. బ్రిటను 2018 ఏప్రిలులో చక్కెర పాళ్లను బట్టి పన్ను వేసినది. అది తప్పించుకొనుటకు అనేక కంపెనీలు ముందే చక్కెర తగ్గించినవి. మన పద్ధతిలో కంపెనీకి ఆ అవసరము లేదు. అందుచేత చక్కెరను లెక్క చూచుకొను బాధ్యత కొనువారిదే.

పన్ను నమోదు గల సోడా వ్యాపారులు గూడ ఒకటి గమనింపవలెను. తీపి, రుచి కలపని సోడాపై పన్ను 18 నుండి 5 శాతమునకు తగ్గినది. చక్కెర గాని, రుచినిచ్చు ద్రవ్యము గాని కలిపి సీసాలో నింపినచో 40 శాతము పడును.

కావున సీసా కొనుటకు ముందు వెనుక చీటీపై "100 మిల్లీలీటర్లకు చక్కెర" ఎంతయో చదువుడు. పెద్దలు రోజుకు 50 గ్రాములు మించరాదని, 25 గ్రాములకు లోబడిన మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. కోతకు వచ్చిన కూలీలకు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఇండు. దప్పిక తీరును, పాడి మన ఇంటిదే, పైకమును మిగులును.