డీజిల్ డ్రమ్ముకు, మీ బోరుకు ఎంత దూరం?

తాండూరు వైపు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లు, కుల్కచర్ల, పరిగి వైపు ట్రాక్టర్లు, జేసీబీలు, కోతల కాలంలో హార్వెస్టర్లు. కరెంటు పోతే జనరేటర్. అందుకే మన దగ్గర షెడ్డు వెనక రెండు మూడు డీజిల్ డ్రమ్ములు కనిపించడం మామూలే. మీకూ అలాంటి వ్యాపారం ఉంటే ఒకసారి వెళ్లి డ్రమ్ము కింద నేల చూడండి. నల్లగా తడిసి ఉందా? అక్కడి నుంచి బోరు ఎన్ని అడుగులు?

సెకనుకు ఒక్క చుక్క కారినా రోజు తిరిగేసరికి లీటర్లలో పోతుంది. మన నేల కింద ఉన్నది రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్ల వెంట పోతాయి కాబట్టి ఇంకిన డీజిల్ ఎటు చేరుతుందో పైనుంచి చెప్పలేం. మీ బోరు బాగానే ఉండి, పక్కింటివారి బోరు పాడవొచ్చు. నీళ్లకు డీజిల్ వాసన వచ్చినా, పైన రంగురంగుల తెట్టు కనిపించినా తాగడానికి, వంటకు వాడకండి. మరిగిస్తే సరిపోతుందని కొందరు అంటారు. సరిపోదు, పైగా ఆ ఆవిరి వంటింట్లో పీలుస్తారు. ఇంట్లో ఫిల్టర్లు కూడా దీనికోసం చేసినవి కావు. పరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా వేరే నీళ్లు వాడుకోండి.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం ఒకచోట మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ట్యాంకూ 1,000 లీటర్లకు మించకుండా ఉంటే డీజిల్ నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. అంటే మీ మూడు డ్రమ్ములను చూడటానికి ఎవరూ రాకపోవచ్చు. చూసుకోవాల్సింది మీరే. బోరుకు, మురుగు కాలువకు దూరంగా, రేకుల నీడలో, పగుళ్లు లేని సిమెంటు గచ్చు మీద పెట్టండి. చుట్టూ గట్టు కట్టించండి. 200 లీటర్ల డ్రమ్ము మొత్తం కారినా కనీసం 220 లీటర్లు ఆగేంత ఎత్తు ఉండాలి. ఖర్చు ఎంతో కాదు, మేస్త్రీకి ఒక పూట పని. ఒలికితే నీళ్లతో కడగొద్దు, కడిగితే అది కాలువలోకో మట్టిలోకో పోతుంది. ఇసుకో రంపపు పొట్టో చల్లి, పీల్చుకున్నాక ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయండి.

డ్రమ్ములోంచి క్యాన్‌లోకి తీసేటప్పుడే ఎక్కువ ఒలుకుతుంది. డాక్టరుగా నన్ను ఎక్కువ భయపెట్టేదీ ఆ పనే. పైపు నోట్లో పెట్టుకుని పీల్చేవాళ్లు ఇంకా ఉన్నారు. డీజిల్ పలచన కాబట్టి గొంతులో పొలమారి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. కొద్దిగా జారినా తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. చేతిపంపు కొనండి, మీ పనివాళ్ల చేత నోటితో లాగించకండి. మిగిలిన డీజిల్‌ను మంచినీళ్ల సీసాల్లో అసలు పోయకండి, పిల్లలు దాహమేసి తాగేస్తారు.

ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు, పాలు పట్టకూడదు. వాంతిలో పైకొచ్చిన డీజిల్ మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తడిసిన బట్టలు తీసేసి, ఒంటిని సబ్బుతో కడిగి, 108కు ఫోన్ చేయండి. మొదట బాగానే కనిపించినా దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలవ్వొచ్చు కాబట్టి ఇంట్లో పెట్టుకుని చూడకండి. ఆస్పత్రికి వచ్చేటప్పుడు ఆ సీసా కూడా తీసుకురండి.