వినియోగదారుని అసలు అక్కర

వస్తువును కొనే మనిషి నిజానికి దేనిని ఆశిస్తున్నాడు? వాణిజ్యశాస్త్రం అభ్యసించే విద్యార్థులు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది. అతడు అడిగేది వస్తువునే అయినా, దాని సాయంతో నెరవేర్చుకోదలచిన పని ఒకటి అతని మనస్సులో ఉంటుంది. ఆ పనిని గుర్తించనినాడు తయారుచేసినవాని శ్రమ వ్యర్థమే. ఇందుకు జైపూరు పాదం చక్కని నిదర్శనం.

1960వ దశకంలో జైపూరులోని సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రిలో ఎముకల వైద్యులు డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ కాలు కోల్పోయినవారికి కృత్రిమావయవాలు అమర్చేవారు. అవి పాశ్చాత్య నమూనా ననుసరించి చేసినవి. కాని కొంతకాలానికి రోగులు వాటిని మూలనపెట్టి, తిరిగి చంకకర్రలనే ఆశ్రయించేవారు. అది రోగుల అజ్ఞానమని సరిపెట్టుకోవడం సులభం. సేఠీగారు అలా భావించక, వారి నిత్యజీవితాన్ని పరిశీలించారు.

ఆ పాదం బూటు తొడిగి నడవడానికి ఉద్దేశించినది; చీలమండ వద్ద వంగదు. మన రైతు తడిపొలంలో వట్టికాళ్లతో నడవాలి, గొంతుక్కూర్చోవాలి, నేలమీద బాసింపట్టు వేసుకొని భోజనం చేయాలి. ఇంటిలోను, గుడిలోను, మసీదులోను పాదరక్షలు విడవాలి. కాలు పోకముందు తాను బ్రతికినట్లే మళ్లీ బ్రతకాలని అతని కోరిక.

ఈ అక్కర తెలిసిన తరువాత, చేతిపనిలో దిట్ట అయిన రామచంద్ర శర్మగారు, సేఠీగారు కలిసి రబ్బరు, కొయ్యలతో కొత్త పాదాన్ని రూపొందించారు. అది నలువైపులా వంగుతుంది, నీటిలో తడిసినా చెడదు, బూటుతో పనిలేదు. 1975లో నెలకొన్న భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దానిని పేదలకు ఉచితంగా అందిస్తున్నది. 1981లో సేఠీగారికి మెగసెసే పురస్కారం లభించింది. ఈ పాదంతోనే 1984లో తిరిగి రంగస్థలమెక్కిన నర్తకి సుధా చంద్రన్ గాథ, ఆమే నటించిన ‘మయూరి’ చిత్రం ద్వారా తెలుగువారికి సుపరిచితమే.

ఇందులో మరొక విశేషమున్నది. ధర చెల్లించినవాడు వస్తువు నచ్చకుంటే నిలదీస్తాడు. ఉచితంగా పొందినవాడు నోరు మెదపడు. దానిని మౌనంగా పక్కన పెడతాడు. కనుక బీదవాని అవసరాన్ని మరింత శ్రద్ధతో గ్రహించాలి.

రేపు మనలో కొందరు దుకాణాలు నడుపుతారు, కొందరు బ్యాంకులలో, ఆస్పత్రులలో, ప్రభుత్వ కార్యాలయాలలో కూర్చుంటారు. మనమిచ్చినది ఎవరైనా వాడకుండా వదిలివేసినప్పుడు, అతనిని తప్పుపట్టడానికి ముందు, అతడు చేయదలచిన పని ఏమిటో ఒక్కసారి అడిగి తెలుసుకుందాం.