వైరస్‌ జ్వరానికి యాంటిబయాటిక్‌ ఎందుకు?

వానలు మొదలైతే కరీంనగర్‌, ఆదిలాబాద్‌ ఇళ్లల్లో పిల్లల జ్వరాలూ మొదలైనట్టే. రాత్రి ఒళ్లు కాలితే చాలు, పొద్దున్నే మెడికల్‌ షాపులో అడిగి యాంటిబయాటిక్‌ తెచ్చేస్తుంటాం. జ్వరానికి కారణం వైరస్‌ అయితే ఆ మందు దాన్నేమీ చేయలేదు. పైగా విలువైన సమయం పోతుంది. సమయం ఎంత ముఖ్యమో 2003లో మన ప్రాంతం చూసింది.

గంటల్లో ముంచుకొచ్చిన జబ్బు

ఆ ఏడాది జూన్‌-ఆగస్టు మధ్య కరీంనగర్‌, వరంగల్‌ సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాల్లో పిల్లలకు ఉన్నట్టుండి తీవ్ర జ్వరం వచ్చింది. ఆ వెంటే వాంతులు, ఫిట్స్‌, స్పృహ తప్పడం. 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. దీనికి చాందీపుర వైరస్‌ కారణమని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించారు. 1965లో నాగ్‌పూర్‌ దగ్గరి చాందీపుర గ్రామంలో తొలిసారి బయటపడటం వల్ల దానికా పేరు. దోమ కంటే చిన్నగా ఉండే ఇసుక ఈగ కుట్టడం వల్ల ఇది సోకుతుంది.

వైరస్‌కు సొంత వంటిల్లు లేదు

మన శరీరంలోని ప్రతి కణం ఓ ఇల్లు లాంటిది. తిండి తీసుకుంటుంది, శక్తిని తయారు చేసుకుంటుంది. రైబోజోములనే యంత్రాలతో ప్రొటీన్లు వండుకుంటుంది. బ్యాక్టీరియా కూడా సొంత గోడ, సొంత రైబోజోములున్న కణమే. వైరస్‌ మాత్రం కణం కాదు. చాందీపుర వైరస్‌నే తీసుకోండి. తుపాకీ గుండు ఆకారంలో ఉండే పొర, లోపల చిన్న ఆర్‌ఎన్‌ఏ పోగు, ఐదు రకాల ప్రొటీన్లు. అంతే! బయట ఉన్నప్పుడు అది తినదు, పెరగదు, పిల్లల్ని పెట్టదు.

కణం పైపొరకు అతుక్కుని లోపలికి చేరాకే దాని ఆట మొదలవుతుంది. ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసే ఎంజైమును వెంట తెచ్చుకుంటుంది. ప్రొటీన్ల తయారీకి మాత్రం మన రైబోజోములనే వాడుకుంటుంది. మన సరుకు, మన శక్తితోనే కొత్త వైరస్‌లు తయారై పక్క కణాల మీద పడతాయి. మెదడు కణాల్లో ఇలా జరిగితే వాపు, ఫిట్స్‌.

మందు ఎందుకు పనిచేయదు?

అమాక్సిసిలిన్‌ బ్యాక్టీరియా గోడను కట్టుకోనివ్వదు. అజిత్రోమైసిన్‌ బ్యాక్టీరియా రైబోజోములను అడ్డుకుంటుంది. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ రైబోజోములూ లేవు. ఇక మందు దేన్ని కొడుతుంది? వైరస్‌ మన కణాల యంత్రాలనే వాడుకుంటుంది కాబట్టి, మన కణాలకు హాని లేకుండా దాన్ని ఆపే మందులు తయారు చేయడమూ కష్టమే. చాందీపుర వైరస్‌కు ఇప్పటికీ టీకా లేదు, ప్రత్యేక మందూ లేదు. ఫిట్స్‌ను, మెదడు వాపును అదుపు చేస్తూ ప్రాణం కాపాడటమే చికిత్స. 2024లో గుజరాత్‌లోనూ ఈ వైరస్‌ పిల్లల ప్రాణాలు తీసింది.

అలాగని ప్రతి జ్వరమూ వైరస్‌ వల్లే రాదు. ఆదిలాబాద్‌ ఏజెన్సీలో కనిపించే మలేరియాకు కారణం పరాన్నజీవి. టైఫాయిడ్‌కు బ్యాక్టీరియా. వీటికి సరైన మందులున్నాయి. ఏ జ్వరమో తేల్చేది పరీక్షలే, మన అంచనా కాదు.

ఇవి గుర్తుంచుకోండి

• జ్వరంతో పాటు ఫిట్స్‌, ఆగని వాంతులు, మగత, పొంతన లేని మాటలుంటే తెల్లారే దాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

• పిల్లలకు ఆస్పిరిన్‌ ఇవ్వొద్దు. పారాసిటమాల్‌ కూడా బరువును బట్టి డాక్టర్‌ చెప్పిన మోతాదులోనే.

• ఇసుక ఈగలు గోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో, తేమగా ఉండే చెత్తలో ఉంటాయి. పగుళ్లు పూడ్చండి. పేడకుప్పలు ఇంటికి దూరంగా వేయండి.

• మామూలు దోమతెర రంధ్రాల్లోంచి ఇవి దూరిపోగలవు. సన్నని అల్లికున్న తెర వాడండి. రాత్రి పిల్లలకు ఒళ్లంతా కప్పే దుస్తులు వేయండి.

• గతంలో మిగిలిన యాంటిబయాటిక్‌ను మళ్లీ వాడొద్దు. డాక్టర్‌ రాస్తే మాత్రం కోర్సు మధ్యలో ఆపొద్దు.