వార్తల్లో పదం: జీవ పునరుద్ధరణ

ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు తీసేశాక మిగిలిన నేలపై మళ్లీ పచ్చదనాన్ని, జీవజాలాన్ని నిలబెట్టడమే జీవ పునరుద్ధరణ. బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి, రాళ్ల గుట్టలను ఓవర్‌బర్డెన్ డంపులంటారు. వీటిని మెట్లుమెట్లుగా సరిచేసి, ముందే విడిగా తీసి ఉంచిన పైమట్టిని పరుస్తారు. మొదట గడ్డితో పాటు జనుము వంటి పప్పుజాతి మొక్కలు వేస్తారు. వాటి వేర్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. ఆపై వేప, కానుగ, ఉసిరి వంటి స్థానిక చెట్లు నాటుతారు. కాయలు కాశాక పక్షులు చేరతాయి. అవి వదిలిన గింజలు కొత్తగా మొలుస్తాయి.

తెలంగాణలో గోదావరి సింగరేణి బొగ్గు గనుల ప్రాంతం మీదుగా సాగుతుంది. అక్కడ వేళ్లు పట్టని గుట్టల మట్టి వానకు కొట్టుకొచ్చి, నదిలో కలిసే వాగుల్లో మేట వేస్తుంది. తవ్విన నేలలో గడ్డి పెంచి, మేతకు, మొక్కలకు, జీవులకు అనువుగా మార్చాలనే షరతును గనుల లీజుల్లో చేర్చాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.